ఎడమ మోకాలు

"సీలు ఎక్కడ పెట్టావు?" అని అడిగాడు కిచోల్, అల్మరా సొరుగును నేలమీద బోర్లించి.

గిన్నెలు కడుగుతున్న భార్య బునిమ్ వెంటనే వెనక్కి తిరగలేదు. ఆ ఇంట్లో ఎక్కడుందో ఆయనకు తెలిసిన వస్తువు సిగరెట్ పెట్టె ఒక్కటే. కత్తెర, చలి మేజోళ్ళు, జ్వరం మాత్రలు, ఆయన తండ్రి తద్దినం నాడు తీసే ఇత్తడి గిన్నెలు, అన్నీ నలభై ఏళ్ళుగా ఆమె తలలోనే ఉన్నాయి. చేతులు తుడుచుకుని వచ్చి, బియ్యం డబ్బా మీదున్న రేకు పెట్టె మూత తీసి, చిటికెన వేలంత కొమ్ము సీలు బయటికి తీసింది. అంచున ఎండిన ఎర్ర సిరాను గోటితో గీకి ఆయన అరచేతిలో పెట్టింది. కిచోల్ పేరు చెక్కిన సీలు. ఆ ఇంటి తరఫున ఏ కాగితం మీదైనా సంతకంలా పడేది అదే. ఆమెకు సీలు లేదు. చేయించుకుంటానని ఒకసారి అంటే, "నీకెందుకే, ఏ కాగితం మీద వేస్తావు?" అని నవ్వాడు. కోపంగా అనలేదు. నిజంగానే ఆయనకు ఏ కాగితమూ తోచలేదు.

"పదింటికి మీటింగు. తెల్ల చొక్కా ఇస్త్రీ అయిందా?"

"మేకుకి ఉంది."

అంతలో వీధి స్తంభం మీది మైకు గరగరలాడింది. గుల్లల సంఘం పెద్ద మున్‌సిక్ గొంతు. ఇవాళ గుల్లలు తీయడానికి బురద తెరుస్తున్నామనీ, తొమ్మిదిన్నరకల్లా అందరూ రేవులో ఉండాలనీ చెప్పాడు. ఇంకో నాలుగు రోజులదాకా తెరిచేది లేదని అదే గొంతు మొన్న చెప్పింది.

బునిమ్ వంటింటి గోడకున్న ఆటుపోట్ల క్యాలెండరు చూసింది. ఇవాళ పెద్ద ఆటు. సముద్రం మూడు మైళ్ళు వెనక్కి పోతుంది. పదింటికి ఆడవాళ్ళంతా ఆ మూడు మైళ్ళ అవతల నడుము వంచి గుల్లలు తీస్తుంటారు. పదింటికే ఊరి హాల్లో మగవాళ్ళు, బురద కొంటున్న కంపెనీ కాగితం మీద సీళ్ళు వేస్తారు. అక్కణ్ణించి మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఆ బురద వీళ్ళది కాదు. కట్ట వేసి, మట్టి పోసి, ఫ్యాక్టరీలు కడతారు.

మున్‌సిక్ తెలివైనవాడే. మైకు పిలవందే ఎవరూ బురదలో కాలు పెట్టకూడదు. పిలిచినరోజు ఏ ఆడదీ ఇంట్లో ఉండదు. కాన్పయిన ఇరవయ్యో రోజున బునిమ్ కూడా పోయింది. అప్పుడు అత్తగారు వాకిట్లో నిలబడి, "మా కోడలికి నోట్లో నాలుక లేదు గానీ కాలు మంచిది" అని పక్కింటివాళ్ళతో గొప్పగా చెప్పింది. కొత్తలో ఆ మాట బునిమ్‌కు మెప్పులాగే వినిపించేది.

బురద మీద నడవలేరు, తొడదాకా దిగిపోతారు. ఒక మనిషి పొడవున్న బల్ల ఉంటుంది, ముక్కు దగ్గర పైకి వంచినది. ఎడమ మోకాలు దానిమీద ఆనించి, కుడి కాలితో బురదను వెనక్కి తన్నుకుంటూ పోవాలి. మగవాళ్ళు బల్ల ఎక్కరు. వాళ్ళకు పడవలుండేవి. చేపలు తగ్గి పడవలు పోయాక కూడా బల్ల ఎక్కలేదు. ఆడవాళ్ళ పని చేస్తే జనం ఏమంటారు? అన్నిటికంటే ముందు పోయే బల్లకు కష్టం ఎక్కువ, కొత్త బురద చీల్చుకుంటూ పోవాలి. వెనకవాళ్ళు ఆ గాడిలో జారిపోతారు. అందుకే ముందు ఎవరు కాదనలేరో వాళ్ళను పెడతారు. నలభై ఏళ్ళుగా ముందు బల్ల బునిమ్‌దే. ఊళ్ళో ఆమెను బిడ్డ పేరుతోనే పిలిచేవారు. పై ఊళ్ళ నుంచి వచ్చిన కొత్త కోడళ్ళు కూడా, "యూన్‌హా వాళ్ళమ్మా, నువ్వు పోమ్మా ముందు" అనేవాళ్ళు. ఆమె నవ్వి పోయేది.

ఎవరితోనూ గట్టిగా మాట్లాడింది లేదు. గుల్లల వల సంచిని తక్కువ తూచినా, తన గుల్లల్లోంచి పక్కవాళ్ళు దోసెడు తీసుకున్నా చూడనట్టుండేది. బురదలో పాతిన గుర్తు కర్రల మీద వాలిన పక్షులను అదిలించడానికి కూడా మనసొప్పేది కాదు.

ఆ మనిషిలో మొదటి గట్టిదనం మొన్న శరత్కాలంలో పుట్టింది. కంపెనీ మనిషి మొదటిసారి ఊరికి వచ్చినరోజు. హాల్లో మగవాళ్ళు కూర్చున్నారు, బునిమ్ కాగితం కప్పుల్లో కాఫీ పోసి పళ్ళెంతో తిప్పుతోంది. అతను గోడకు పటం కట్టాడు. ఊరు పసుపు రంగులో, కొండ ఆకుపచ్చలో, సముద్రం నీలంలో ఉన్నాయి. మధ్యలో బురద ఉండాల్సిన చోట ఏ రంగూ లేదు. తెల్లగా వదిలేశాడు. "ఇది ఖాళీ స్థలం" అన్నాడు, కర్రతో తడుతూ. సరిగ్గా ఆ కర్ర తగిలిన చోట, నెల కిందట, గోరంత గుల్లపిల్లలు కుప్పలుగా పడి ఉండడం చూసి ఆమె బల్ల పక్కకు తిప్పుకుని పోయింది, తొక్కకుండా. పళ్ళెం చేతిలో ఉండగానే, "అక్కడ పిల్లలున్నాయండీ" అంది.

హాలంతా నవ్వింది. కంపెనీ మనిషి నవ్వలేదు, కంగారుగా ఏ పిల్లలు అని అడిగాడు. దాంతో ఇంకా నవ్వారు. ఇంటికొచ్చాక కిచోల్ చొక్కా విప్పుతూ, "పళ్ళెం పట్టుకున్నదానివి పళ్ళెం చూసుకోవాలి" అన్నాడు. ఎప్పటిలాగే ఆమె ఊఁ అంది. కానీ ఆ ఊఁ గొంతులోంచి దిగలేదు. చేపముల్లులా అక్కడే నిలిచింది.

రెండోది తొక్‌జా అక్క సంగతి. సంఘంలో ఇంటికొక్క పేరు, అదీ మగవాడిది. ఆమె భర్త పోయాక అది కొడుక్కి మారింది. వాడు దూరపు నగరంలో చెప్పుల ఫ్యాక్టరీలో ఉంటాడు, బురద రంగు మర్చిపోయి ఉంటాడు. ఓటు వాడిది. డెబ్బై ఏళ్ళ తొక్‌జా అక్క బల్ల తన్నుతుంది. కంపెనీ కాగితం వాడికి టపాలో పోయిందనీ, సీలు వేసి తిప్పి పంపాడనీ తెలిసిన రోజు ఆమె తిట్టలేదు, ఏడవలేదు. "నా కాళ్ళ కిందది నన్నడక్కుండా ఇచ్చేశాడమ్మా" అంది, ఆశ్చర్యంగా.

ఇద్దరూ కలిసి హ్వాంగ్ తాత దగ్గరికి పోయారు. సంఘానికి పాత గుమాస్తా, ఎనభై ఆరేళ్ళవాడు. ఆయన చేత్తో రాసిన నియమాల పుస్తకం బునిమ్ చేతికిచ్చి, నాకు కళ్ళు కనపడవు, నువ్వే చదువుకో అన్నాడు. ఆమెది నాలుగో తరగతి చదువు. ఆయన అరుగు మీద కూర్చుని అక్షరం కింద వేలు పెట్టి మూడు సాయంత్రాలు చదివింది. ఏడో నియమం దగ్గర వేలు ఆగింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. ఏడాదిలో అరవై రోజులు స్వయంగా బురదలో దిగి పని చేసినవారే సభ్యులు. దిగనివారి పేరు కొట్టివేయవలెను.

అడిగితే తాత నవ్వాడు. చో అనేవాడొకడు కాపురం పట్నానికి మార్చి కూడా వాటా అడుగుతుంటే, వాణ్ణి తీసేయడానికి మగవాళ్ళంతా కూర్చుని రాయించిన నియమమట. వాడి పేరు కొట్టేశారు, పుస్తకం మూసేశారు. ఆ కత్తికి రెండో వైపు కూడా పదునుందని ఒక్కడూ చూసుకోలేదు.

ఆ తర్వాత బునిమ్ రోజూ ఒక ఇల్లు తిరిగింది. మాటలు రానిదానికి మాటలు దొరికాయి. ఎక్కువ కాదు, నియమం చదివి వినిపించేది, అంతే. కొన్ని తలుపులు తెరుచుకున్నాయి. మున్‌సిక్ భార్య సునోక్ మాత్రం, మా ఆయనకు తెలిస్తే ఊరుకోడు అని, తలుపు మధ్యలోంచే చెప్పి మూసేసింది. ఇంట్లో కిచోల్ మొదట్లో ఎగతాళి చేశాడు. "ఏం మంత్రిగారూ, ఇవాళ ఏ వార్డు?" అనేవాడు. తర్వాత ఎగతాళి మానేసి అన్నం దగ్గర మాట్లాడడం మానేశాడు. అదీ ఆమెకు బరువనిపించలేదు. అంతకుముందు మాట్లాడింది కూడా ఉప్పు గురించీ పులుసు గురించే కదా.

తొమ్మిదిన్నరకు రేవులో ఇరవై ఆరు బల్లలు వరసగా ఉన్నాయి. ఉప్పు గాలి చెవులు కోస్తోంది. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ముందే అనుకున్న మాట ప్రకారం మీటింగు వేళకు హాలుకు పోవాలి. ఎదురుగా చూస్తే పెద్ద ఆటు, నెలకు రెండుసార్లు వచ్చేది, బురద నల్లగా మెరుస్తోంది. ఇప్పుడు ఇక్కణ్ణించి హాలు వైపు నడిస్తే కిటికీలోంచి కనిపిస్తుంది, తలుపు గడియ పడుతుంది.

"ఏం చేద్దామే?" అంది తొక్‌జా అక్క.

బునిమ్ రబ్బరు మేజోళ్ళు తొడవరకు లాక్కుంటూ, "ఎప్పుడూ పోయినట్టే పోదాం అక్కా" అంది.

సరిగ్గా అప్పుడు సునోక్ తన బల్ల ఈడ్చుకుంటూ వచ్చి వరస చివర నిలబడింది. పక్కనున్నామె కాస్త జరిగి చోటిచ్చింది.

ముందు బల్ల మామూలుగానే బునిమ్‌ది. ఇవాళ ఎవరూ పొమ్మనకముందే ఆమె మోకాలు ఆనించింది. హాలు కిటికీల్లోంచి చూస్తున్నవాళ్ళకు ఇరవై ఏడు బల్లలు చీమల బారులా సముద్రం వైపు పోవడం కనిపించింది. అంతా సర్దుకుని కూర్చున్నారు. గుర్తు కర్రల దగ్గర ఎడమకు తిరిగితే గుల్లల మేట. బునిమ్ కుడికి తిప్పింది. అటు ఒక కాలువ ఉంది. ఆటు సమయంలో నీళ్ళు పోయి, ఒడ్డు నుంచి కనపడనంత లోతున మెత్తటి గాడిలా మిగులుతుంది, ఒడ్డు వైపు చుట్టు తిరిగి సరిగ్గా హాలు వెనక తేలుతుంది. ఆ బురద చాలా జిగురు. మామూలుగా ఎవరూ అటు పోరు. కుడి తొడ మండుతోంది, ఊపిరి పొగలా వస్తోంది. ఆమె తన్నింది. వెనక ఇరవై ఆరు బల్లల చప్పుడు ఒకే చప్పుడుగా వినిపిస్తోంది. ఇన్నేళ్ళూ తనను ముందు పెట్టినందుకు ఆ క్షణాన ఆమెకు ఎవరిమీదా కోపం రాలేదు. కొత్త బురద చీల్చడం ఈ ఊళ్ళో తనకంటే బాగా ఎవరికీ రాదు. అది తెలిసి ఛాతీ నిండింది.

హాలు గుమ్మంలో చెప్పులు విప్పే చోట వరసగా మగవాళ్ళ బూట్లు. ప్రతి మీటింగు తర్వాతా హాల్లోని పసుపు రంగు నేల తుడిచేది బునిమే. ఒక్క క్షణం కాలు ఆగింది. తర్వాత బురద కాళ్ళతోనే లోపలికి నడిచింది. వెనకే అందరూ.

సీళ్ళ సిరా డబ్బా మూత తీసి ఉంది. మున్‌సిక్ లేచి నిలబడ్డాడు. "ఏమ్మా, బురదలో ఉండాల్సినవాళ్ళకు ఇక్కడేం పని? ఆటు పోతుంది."

"పోనీండి. బురద ఉంటే రేపూ వస్తుంది."

కిచోల్ పళ్ళ బిగువున, "ఏమే, ఆ కాళ్ళు చూడు. నేలంతా పాడు చేశావు" అన్నాడు.

"చూశాను" అంది.

హాల్లో ఒక మూల నియమాల పుస్తకంతో, మనవరాలితో కూర్చున్న హ్వాంగ్ తాతను తొక్‌జా అక్క చెయ్యిపట్టి ముందుకు తెచ్చింది. ఆయనకు పుస్తకం అక్కర్లేదు. ఏడో నియమం కంఠస్థంగా చెప్పాడు. మున్‌సిక్ నవ్వుతూ అది చోగాడి కోసం రాసిందనీ, ఊరందరికీ తెలుసనీ అన్నాడు. తాత, "రాసేటప్పుడు వాడి పేరు రాయలేదు నాయనా" అన్నాడు.

"సరే. ఎవరు ఎన్ని రోజులు దిగారో రాసి ఉందా ఎక్కడైనా? రాత చూపించండి, ఒప్పుకుంటాం."

రాత లేదు. ఎవరూ ఎప్పుడూ రాయలేదు. మగవాళ్ళు వెనక్కి వాలారు. ఆడవాళ్ళ వరసలో ఒక నిట్టూర్పు కదిలింది.

బునిమ్ వంగి ఎడమ కాలి రబ్బరు మేజోడు కిందికి లాగింది. లోపలి నూలు గుడ్డను మోకాలి పైదాకా పైకి చుట్టింది. మోకాలి కింద కాయ కాచి ఉంది. గుప్పెడంత, గోధుమ రంగులో, పాత తోలులా పగుళ్ళు తీసి, నలభై శీతాకాలాల కాయ.

"రాత ఇది" అంది. గొంతు పెద్దది కాదు. కానీ హాల్లో ఆ చివరిదాకా వినిపించింది. "సీలు వేసేవాళ్ళు ముందు ఎడమ మోకాలు చూపించి, తర్వాత వేయండి."

వెనక మేజోళ్ళు దిగుతున్న చప్పుడు. తొక్‌జా అక్కది నల్లబడి రాయిలా ఉంది. కొత్త కోడళ్ళవి ఇంకా ఎర్రగా ఉన్నాయి. చివరగా సునోక్ గుడ్డ పైకి చుట్టింది. మున్‌సిక్ చూశాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో పట్టపగలు ఆ మోకాలు చూడడం అదే మొదటిసారేమో, చూపు తిప్పుకోలేకపోయాడు. కంపెనీ మనిషి తెలియకుండానే తన మోకాలు చేత్తో కప్పుకున్నాడు. మగవాళ్ళలో ఒక్క చెయ్యి కూడా ప్యాంటు అంచు మీదికి పోలేదు.

సిరా డబ్బా మూత మున్‌సికే పెట్టాడు.

తాత పుస్తకంలో సభ్యుల పేర్లకు కొత్త పేజీ తీసి, రాయడానికి మనవరాలిని కూర్చోబెట్టాడు. "మొదటి పేరు యూన్‌హా వాళ్ళమ్మ" అని చెప్పబోయాడు.

"కాదు తాతా. పుట్టింటి పేరుతో రాయించు, నో బునిమ్."

వెనకున్నవాళ్ళలో సగం మంది ఆ పేరు మొదటిసారి విన్నారు. నలభై ఏళ్ళు ఆమె గాడిలో జారినవాళ్ళు. ఒకామె పెదవులు కదిలించి ఆ పేరు మెల్లగా అని చూసుకుంది. తర్వాత తమ పేర్లు చెప్పడానికి వరసలో నిలబడ్డారు.

కిచోల్ సీలు గుప్పిట్లో పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడతలు. గుప్పిట విప్పి చూపిస్తూ, "ఇప్పుడు దీన్నేం చేయమంటావు?" అన్నాడు.

బునిమ్ మేజోడు పైకి లాక్కుంది. కిటికీలోంచి బురద కనిపిస్తోంది, ఇంకా గంటన్నర ఆటు ఉంది.

"బియ్యం డబ్బా మీద రేకు పెట్టెలో పెట్టండి" అంది. గుమ్మం దాకా పోయి, నేలమీది బురద అడుగులు ఒకసారి చూసి, వెనక్కి తిరిగింది. "తుడుపు గుడ్డ ఆ తలుపు వెనక మేకుకి ఉంటుంది."