వెనక పిలుపు

బెలూన్ ఏ రంగుదని అడిగింది కదా పిల్ల నిన్న, డాక్టరుగారు నవ్వి నీకే రంగు కావాలమ్మా అన్నాడు, పచ్చది, ఇంటికి తీసకపోవచ్చా అంది వినీల, కుదరదమ్మా, నీ గుండెలో ఒక తలుపు ఇరుకైపోయింది, అక్కడ దాన్ని ఊదుతాం, తలుపు తెరుచుకోగానే తీసేస్తాం అన్నాడు, తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం, దాని కొసన బెలూన్, గుండె కోసే పని లేదు, అంతా అర్థమైనట్టే తలూపింది తల్లి గంగాభవాని, ఇప్పుడు మాత్రం స్ట్రెచర్ చక్రాల చప్పుడు తప్ప ఏదీ బుర్రకెక్కడం లేదు, నర్సు షారన్ తోస్తూ ఉంది, పిల్ల చెయ్యూపుతూ ఉంది, ఇసకలో నాలుగడుగులు పరిగెడితే ఆయాసంతో కూలబడిపోయే పిల్ల, ఇక అందరిలా ఆడుకుంటుందట, చెన్నై నుంచి ఈ డాక్టరు నెల్లూరికి ఎప్పుడో గానీ రాడు, విడవలూరు నుంచి బస్సుల్లో తిరిగి తిరిగి దొరికించుకున్న రోజు ఇది, అంతలో అత్త గురవమ్మ చెవి దగ్గరికొచ్చింది, భయపడబాకమ్మే, బాత్రూముకని తీసకపోయినప్పుడు బిడ్డకి రెండు ముద్దలు పెరుగన్నం పెట్టినా, ఎవురూ చూళ్ళేదులే, కడుపు మాడ్చుకోని పోతారా ఎవురైనా.

పెరుగన్నమా, ఏమీ పెట్టొద్దని షారన్ ఎన్నిసార్లు చెప్పింది, మత్తులో కక్కుకుంటే ఊపిరితిత్తుల్లోకి పోతుందమ్మా, ప్రాణానికే ముప్పు అని, అత్త కూడా తలూపింది, కానీ అత్తకి తెలిసిన ప్రయాణం ఒక్కటే, సముద్రం మీదికి, వేటకి పోయే మనిషిని ఖాళీ కడుపుతో పంపరు, మామని పంపలేదు, కొడుకు కిషోర్‌ని పంపలేదు, మనవరాల్నీ పంపలేదు, ఆపమనాలి, పిలవాలి, కానీ పోయేవాళ్ళని వెనక్కి పిలవకూడదు, అలల్లోకి దిగిన పడవని ఒడ్డు నుంచి పిలిస్తే ఇక అది తిరిగి రాదంటారు, పిలిస్తే అపశకునం, పిలవకపోతే ఆ పెరుగన్నం, ఇవాళ తప్పితే డాక్టరు మళ్ళీ ఎప్పుడో, కింద టీ తాగుతున్న కిషోర్‌కి ఏం చెప్పాలి, అత్త మొహం ఎక్కడ పెట్టుకుంటుంది, అదుగో ఆపరేషన్ గది తలుపు తీస్తున్నారు, చిన్నప్పుడొకసారి పిలిచింది తను, నాన్నా, క్యారేజీ మర్చిపోయినావు అని, ఒడ్డంతా తిట్టిపోసింది, నాన్న వేట మానుకుని పడవ దిగొచ్చి ఇసకలో కూచున్నాడు, పక్కవాళ్ళ వలలు నిండుగా వచ్చాయి, నోరు కాదే అది, శని అని అమ్మ ఏడాది పొడుగునా దెప్పింది, ఆ సిగ్గు ఇప్పటికీ వదల్లేదు.

కానీ ఆ పూట నాన్న ఇంటికొచ్చాడు కదా, తనని పక్కన కూచోబెట్టుకుని అన్నం తిన్నాడు కదా, పోయింది వేట, మనిషి కాదు, ఆ మాట ఎవరూ అనలేదే, ఇన్నేళ్ళూ తనకీ తోచలేదే, వెనక్కి పిలిస్తే పోయేది ఒక్క రోజు వేట, అంతే, షారనమ్మా ఆపు, పిల్ల అన్నం తినింది, వినీలా, వెనక్కి రా తల్లీ.