కలరా ఉండల మైలేజీ

చదువు ముదిరితే మనిషి పెట్రోలును కూడా నమ్మడని విశ్వేశ్వరరావు గారిని చూశాకే నాకు తెలిసింది. ఆయన కెమికల్ ఇంజనీరు. మస్కట్‌లో పెద్ద కంపెనీ, పెద్ద కుర్చీ. నేను అల్ మవాలేలో గ్యారేజీ మెకానిక్‌ని. పేరు గంగాప్రసాద్, ఊరు నిర్మల్ దగ్గర. పదమూడేళ్లుగా ఇంజన్లు విప్పుతున్నాను. ఏ ఇంజనూ నన్ను ఇంగ్లీషులో తిట్టలేదు, రావుగారు తిట్టారు.

ఆయన కారుకు నేను సర్వీసు చేసిన పన్నెండో రోజున అది వణుక్కుంటూ, నల్లపొగ కక్కుకుంటూ తిరిగి వచ్చింది. రావుగారు దిగీ దిగగానే మా అర్బాబ్ గదిలోకి వెళ్లి, నీ మెకానిక్ నా బండిని నాశనం చేశాడన్నారు. అర్బాబ్ మా యజమాని, ఒమానీ. మంచివాడే, కాకపోతే ఎవరు ముందు చెబితే వాళ్ల మాటే నిజమనుకుంటాడు. నా వీసా ఆ నెలాఖరుకు అయిపోతోంది. కాగితాలు ఆయన బల్ల మీదే ఉన్నాయి. సాయంత్రంలోగా తప్పు నీది కాదని చూపించు, లేకపోతే సంతకం పెట్టేది లేదని హిందీలో తేల్చేశాడు. ఊళ్లో మా అమ్మాయి విజేత నర్సింగు రెండో ఏడు చదువుతోంది. నా ఉద్యోగం పోతే దాని చదువు ఆగిపోతుంది.

నాకు ఒళ్లు మండింది. పొగ కొలిచే మిషన్ పెట్టి చూస్తే, కాలకుండా బయటికొచ్చే పెట్రోలు ఉండాల్సినదానికి ఎన్నో రెట్లుంది. ప్లగ్గులు విప్పాను. బాగున్న ఇంజన్లో ప్లగ్గు కొస బూడిదరంగులో ఉంటుంది. వీటి మీద ఇటుక పొడి పూసినట్టు ఎర్రటి పొర ఉంది. ఆక్టేన్ పెంచుతామని అమ్మే కొన్ని చౌక సీసాల్లో ఇనుము కలిసిన మందు ఉంటుంది. మోతాదు మించి పోస్తే ప్లగ్గు మీద అలాగే పేరుకుని, నిప్పురవ్వను పడనివ్వదు.

ఏమైనా సీసాలు పోశారా సార్ అని అడిగాను. చుక్క కూడా పోయలేదన్నారు. పంపులో దొరికే పెట్రోల్లోనే ఇంజన్ శుభ్రం చేసే మందు కలిపి ఉంటుందనీ, తన కారుకు తొంభయ్యొకటి ఆక్టేన్ చాలనీ, అంతకుమించి పెంచినా ఒరిగేదేమీ లేదనీ నాకే పాఠం చెప్పారు. పాఠంలో తప్పేం లేదు.

ట్యాంకులోంచి కొంచెం పెట్రోలు డబ్బాలోకి తీశాను. ఇంట్లో మా ఆవిడ నవీన పట్టుచీరలు దాచే బీరువా తెరిచినట్టు గుప్పుమంది. కలరా ఉండలు! స్కూటర్ల కాలంలో ట్యాంకులో రెండు ఉండలు వేస్తే మైలేజీ పెరుగుతుందని మా నాన్న కూడా నమ్మేవాడు. ఆయన నాలుగో తరగతి చదివాడు, సరే. ఈయనకేం వచ్చింది?

డబ్బా పట్టుకుని అర్బాబ్ గదిలోకి వెళ్లాను. రావుగారు, ఆయన భార్య శేషుకుమారి గారు కూర్చుని ఉన్నారు. రావుగారు వాసన చూసి, అది నా చేతిగుడ్డ కంపు అన్నారు. అర్బాబ్‌కు ఆ వాసన ఏమిటో అంతుపట్టలేదు. నేను డబ్బాను ఆవిడ ముందు పెట్టాను.

"మీరొక్కపారి చూడుండ్రి మేడం. మీరేదంటే గదే. నా బతుకు గీ డబ్బల ఉన్నది."

ఆవిడ వాసన చూసి, మెల్లగా భర్త వైపు తిరిగారు.

"ఏవండీ, రాజమండ్రి నుంచి తెచ్చుకున్న కలరా ఉండల పొట్లం షైస్తా పారేసిందన్నారుగా. పాపం, దాన్ని పనిలోంచి మానిపించేశాం కూడాను."

రావుగారు చివరికి ఒప్పుకున్నారు. మూడు సీసాలు, ముప్పై ఉండలు. మస్కట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో వచ్చిన కొలతట. అయినా మైలేజీ మొదట్లో నిజంగానే పెరిగిందని వాదించారు. మందు పోసిన రోజు నుంచి జూన్ ఎండలో ఏసీ ఆపేసి, ఎనభై దాటకుండా నడిపారని ఆవిడ చెప్పారు. అలా నడిపితే ఏ మందూ లేకుండానే పెరుగుతుంది మహాప్రభో!

అర్బాబ్ నన్ను శభాష్ అంటాడని చూశాను. అతను రావుగారిని ఒక్క మాటే అడిగాడు, ఆ గ్రూపులో ఎంతమంది ఉన్నారని. నాలుగు వందల పైమాటేనన్నారు రావుగారు, ఆ స్థితిలోనూ గర్వంగా. అర్బాబ్ కలం తీసి నా కాగితాల మీద సంతకం పెట్టేశాడు. వాళ్లు వెళ్లాక అసలు సంగతి చెప్పాడు. ఆ బండ్లన్నీ మన దగ్గరికే వస్తాయి, నువ్వు మాత్రం ఎవరికీ ఏమీ చెప్పకు అన్నాడు.

మర్నాడు రావుగారు నన్ను ఆ గ్రూపులో చేర్చారు. నేను విప్పిన ఆ ఎర్ర ప్లగ్గుల ఫోటో పెట్టి, ఇంజన్లో ఏళ్లుగా పేరుకున్న తుప్పంతా మందు బయటికి లాగేసిందనీ, మెకానిక్ గంగాప్రసాదే నోరెళ్లబెట్టాడనీ రాశారు. సిగ్గుండాలి మనిషికి! కింద నలభై మంది కొలతలు అడిగారు. బర్కాలో ఖర్జూరం తోట బండి నడిపే జయరాముడు నన్నే అడిగాడు, ఇది నిజమేనా అన్నా అని. మా పక్కమండలం వాడు.

వద్దు తమ్మీ, ఏం పొయ్యకు అని టైపు చేశాను. అర్బాబ్ తన గది అద్దంలోంచి ఇటే చూస్తున్నాడు. విజేత గుర్తొచ్చింది. రాసింది చెరిపేసి, రావుగారి మాట కింద బొటనవేలి బొమ్మ నొక్కాను.

మూడు వారాలకు జయరాముడు బండిని తాడుతో కట్టించుకుని తెచ్చాడు. తోట యజమాని అతన్ని డ్యూటీలోంచి తీసేసి, బండి గ్యారేజీలో అప్పజెప్పి ఊరికి పొమ్మన్నాడట. ప్లగ్గులు విప్పుతున్నాను కానీ తల ఎత్తలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. అతను తిట్టినా బాగుండేది, తిట్టలేదు.

"నువ్వు బొటనవేలు వెట్టినవ్ గదన్నా," అన్నాడు. "గందుకే పోసిన."