డ్రైవరు సీట్లో బస్తా

"బస్తా ఎక్కిందా?"

కారు కిందనుంచి మొగుడి గొంతు. మనిషి కనపడడు. గ్రీజు మరకల ప్యాంటు, రెండు పాదాలు మాత్రం బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి.

"ఎక్కింది," అంది ఆమె, తడిచేతులు ఒళ్ళో తుడుచుకుంటూ.

"కదలకు. అంకెలు ఊగుతున్నాయి."

ఆమె కదల్లేదు. స్టీరింగ్ మీద చేతులుంచి, కాళ్ళు పెడల్స్ దగ్గర పెట్టి, షెడ్డు గోడకి వేలాడుతున్న స్పానర్లని చూస్తూ కూర్చుంది. ఇంట్లో పొయ్యి మీద పాలున్నాయి. మంట తగ్గించిందో లేదో గుర్తుకు రావడం లేదు.

అంతలోనే పెరటి గుమ్మంలోంచి అత్తగారి కేక. "పాలు పొంగుతున్నాయి, ఇంట్లో మనుషులెవరూ లేరా?"

"నువ్వున్నావుగా అమ్మా," అన్నాడు మరిది రెండో కారు పక్కనుంచి, తల్లికి వినపడనంత మెల్లిగా.

"దిగనా?" అని అడిగింది ఆమె.

"దిగితే మళ్ళీ మొదటికొస్తుంది. పాలు పోతే పోనీ. కూర్చో."

పాలు పోయాయి. మాడు వాసన షెడ్డు దాకా వచ్చింది. ఆ పొయ్యి కడగాల్సింది ఎవరో కారు కింద ఉన్నవాడికి తెలియకపోవచ్చు గానీ, కారులో ఉన్న మనిషికి బాగా తెలుసు.

ఇంటి వెనక షెడ్డులో అన్నదమ్ములిద్దరూ పాతకాలపు స్పోర్ట్స్ కార్లకి నకళ్ళు తయారుచేస్తారు. ఇనప గొట్టాల చట్రం, ఇంకో బండిలోంచి తీసిన ఇంజను, పైన ఫైబరు తొడుగు. చూస్తే అచ్చం తాతల నాటి బండే. వేలితో తడితే మాత్రం ప్లాస్టిక్ బకెట్టులా మోగుతుంది. ఇలాంటి తేలిక బండికి బరువు నాలుగు చక్రాల మీదా సరిగ్గా పడాలి. అందుకని ఒక్కో చక్రం కిందా ఒక్కో తూకం పలక పెట్టి, స్ప్రింగుల రింగులు తిప్పుతూ సర్దుతారు. అలా సర్దేటప్పుడు డ్రైవరు సీట్లో మనిషి బరువు ఉండి తీరాలి. మొదట్లో నిజంగానే ఇసుక బస్తా పెట్టేవాళ్ళు. అది పక్కకి జారేది, కుట్లు ఊడి కొత్త సీటంతా ఇసుక చేసేది. ఒకరోజు టీ పట్టుకొచ్చిన భార్యని చూసి, "నువ్వు ఓసారి కూర్చో," అన్నాడు మొగుడు. ఆ ఓసారి ఇంకా అవలేదు. బస్తా పోయింది, పేరు మిగిలింది.

తమాషా ఏమిటంటే, పెళ్ళికి ముందు ఆమె డ్రైవింగ్ స్కూల్లో నేర్పేది. నేర్చుకునేవాళ్ళు ముద్దుగా బ్రేకమ్మ అని పిలిచేవాళ్ళు. పక్క సీట్లోనే కూర్చునేది, కానీ ఆ సీటు ముందు ఆమెకంటూ ఒక బ్రేకుండేది. లారీ ఎదురొచ్చినా, కుక్క అడ్డొచ్చినా, నేర్చుకునేవాడు హడలిపోయి కళ్ళు మూసుకున్నా, బండి ఆపేది ఆమె కాలు. ఇప్పుడు కూర్చునేది డ్రైవరు సీట్లో. తాళంచెవి మాత్రం మొగుడి జేబులో. ఆ స్కూలు బళ్ళకి క్లచ్చులు మార్చడానికి వచ్చి ఆమెని ఇష్టపడ్డవాడే ఇతను. "నీలా గేరు మార్చేవాళ్ళని చూళ్ళేదు," అన్నాడు అప్పట్లో. పెళ్ళయ్యాక అత్తగారు, "కోడలు పొద్దున్నే పరాయి మగాళ్ళ పక్కన కూర్చుని ఊరంతా తిరుగుతుంటే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నప్పుడు అతనికి ఆ గేర్ల సంగతి గుర్తు రాలేదు. "కొన్నాళ్ళు ఆగు," అన్నాడు. ఆ కొన్నాళ్ళకీ ఈ ఓసారికీ ఏదో చుట్టరికం ఉన్నట్టుంది. రెండూ తెమలవు.

ఎప్పుడో మంచి ఉషారులో ఉండి అతనే చెప్పాడు, రింగు తిప్పితే బరువు తగ్గదట. ఈ మూల చక్రం మీద తగ్గిందంటే ఇంకో మూల చక్రం మీదికి పోయిందనే అర్థమట. ఆ మాట ఆమె బుర్రలో ఉండిపోయింది. అత్తగారికి మణికట్టు నొప్పొచ్చింది, వంట కోడలి మూలకి జరిగింది. మరిది పెళ్ళాంతో పడక, పెట్టె సర్దుకుని వచ్చేశాడు, అతని బట్టలూ కంచమూ నిట్టూర్పులూ ఆమె మూలకి జరిగాయి. షెడ్డులో ఫోన్లెత్తే మనిషి మానేసింది, ఫోను ఆమె మూలకి జరిగింది. జరిగినప్పుడల్లా ఇంట్లో ఎవరో ఒకరు "హమ్మయ్య, సర్దుకుంది," అనేవాళ్ళు. సర్దుకున్నది ఏమిటో, సర్దుకున్నది ఎవరో ఎవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే ఆమె కూడా అడగలేదు.

నిన్న డ్రైవింగ్ స్కూలు మేడమ్ ఫోన్ చేసింది. "ఆడవాళ్ళు చాలామంది లేడీ టీచరైతేనే నేర్చుకుంటామంటున్నారు. పొద్దున బ్యాచి నీకే ఇస్తా. రేపు సాయంత్రంలోగా వస్తావో రావో తేల్చి చెప్పు, లేకపోతే ఇంకో అమ్మాయిని పెట్టుకుంటా. ఆలోచించి చెప్తానంటే ఈసారి కుదరదు బ్రేకమ్మా."

ఆ రేపు ఇవాళే. ఆమె ఇంట్లో ఇంకా ఎవరితోనూ అనలేదు. అంటే ఏమవుతుందో తెలుసు. "వెళ్ళొద్దని ఎవరన్నారు?" అంటాడు మొగుడు. ఆ ఇంట్లో కాదనే పద్ధతి అదే. వెళ్ళొద్దని ఎవరూ అనరు. అన్నీ చేసి వెళ్ళమంటారు.

"అయిపోయింది, దిగు," అన్నాడు మొగుడు కారు కిందనుంచి పాక్కుంటూ వచ్చి. "ఆవిడ వచ్చే వేళయింది. చేతులకి నూనె అంటింది, కాస్త సబ్బు పట్రా."

ఆవిడంటే కళ్ళ డాక్టరమ్మ. బళ్ళ పిచ్చి. షెడ్డులో ఉన్న రెండు నకళ్ళలో ఒకటి తీసుకుంటానంది, ఏదన్నది చూసి తేలుస్తానంది. ఎర్రటి పొడుగు ముక్కు బండి మొగుడు చేసింది. గుడ్డులా గుండ్రంగా, వెండిరంగులో మెరిసే చిన్న బండి మరిది చేసింది. అందుకే పొద్దుటినుంచీ అన్నదమ్ముల మధ్య మాటల్లేవు, ఉన్నవి ఎత్తిపొడుపులే.

డాక్టరమ్మ పొట్టి జుట్టు సర్దుకుంటూ రెండు కార్ల చుట్టూ తిరిగింది. గొంతుక్కూర్చుని, తూకం పలకలకి తగిలించిన పెట్టెలో అంకెలు చూసింది.

"నాది కత్తండీ," అన్నాడు మొగుడు. "అంత ఇంజను ముక్కులో ఉన్నా, సాధ్యమైనంత వెనక్కి జరిపి బిగించా. ముందెంతో వెనకా దాదాపు అంతే."

"కత్తే, కాకపోతే గడ్డపార సైజు కత్తి," అన్నాడు మరిది. "నా బండి చూడండి. నలుగురు పడితే ఎత్తి పక్కన పెట్టొచ్చు."

"ఇంజను వెనక పెట్టి, బరువంతా తోకలో మోస్తూ, తేలికంటాడు వీడు."

డాక్టరమ్మ నవ్వింది. "సరే గానీ, కుడికీ ఎడమకీ కూడా ఇంత సమంగా వచ్చిందే. సీట్లో ఎవర్ని కూర్చోబెట్టారు?"

"మా ఆవిడనే. బస్తా కన్నా నయమండీ. దానంతటదే ఎక్కుతుంది, దానంతటదే దిగుతుంది."

మరిది పకపకా నవ్వాడు. ఆమె కూడా అలవాటుగా నవ్వబోయి, డాక్టరమ్మ ముఖం చూసి ఆగిపోయింది. డాక్టరమ్మ నవ్వడం లేదు. నవ్వకుండా కూడా ఉండొచ్చని ఆమెకి అంతవరకూ తట్టలేదు.

మొగుడు ఎర్రబండి తీసి షెడ్డు ముందు ఖాళీ రోడ్డు మీద చూపించాడు. బాగానే వెళ్ళాడు, బాగానే తిరిగొచ్చాడు. ఆపబోయి బ్రేకు నొక్కాడో లేదో ముక్కు పక్కకి లాగేసింది. స్టీరింగుతో కుస్తీ పట్టి ఆపాడు.

"కొత్తది కదండీ, సర్దుకుంటుంది," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

సర్దుకోదని ఆమెకి తెలుసు. వీళ్ళు చేసిన బళ్ళన్నీ అతను నడిపితే అలాగే లాగేవి. బ్రేకులు విప్పేవాడు, బిగించేవాడు, బ్రేకులు అమ్మినవాణ్ణి తిట్టేవాడు.

"వెండిదీ ఇంతేనా?" అడిగింది డాక్టరమ్మ.

"అన్నయ్య నడిపితే అదీ లాగుతుందండీ," అనేశాడు మరిది.

"మీరు కూర్చుని ఎప్పుడైనా తూచారా?"

"నేను కూర్చుంటే రింగులెవరు తిప్పుతారండీ?" అన్నాడు మొగుడు.

డాక్టరమ్మ అతని పొట్ట వైపు చూసింది. తర్వాత అతని భార్య వైపు చూసింది. "మీ ఇద్దరి బరువూ ఒకటి కాదుగా," అంది మామూలుగా.

మరిది నోరు తెరిచాడు. "అన్నయ్యా, అంటే మనం ఇన్నాళ్ళూ చేసిన ప్రతి బండీ వదినకి..."

"నువ్వు నోర్ముయ్."

ఆమె నిలబడ్డచోటే నిలబడిపోయింది. ఈ షెడ్డులోంచి బయటికి వెళ్ళిన ప్రతి బండీ తన ఒంటికి సరిగ్గా తూచి కుట్టిన బట్టలాంటిదన్నమాట. ఒక్కటంటే ఒక్కటి కూడా తను నడపలేదు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నవ్వే వచ్చింది, ఈసారి దానంతటదే.

"నేను తర్వాత నడుపుతా," అంది డాక్టరమ్మ. "ముందు మీ ఆవిణ్ణి నడిపి చూపించమనండి. ముక్కు ఎటు పోతుందో బయటినుంచి చూడాలి."

"అబ్బే, తనకి అలవాటు తప్పిందండీ. ఇంట్లో పని కూడా ఉంది, పాలు పొయ్యి మీద..."

"పాలు ఎప్పుడో పోయాయి," అంది ఆమె. చెయ్యి చాచింది. "తాళంచెవి ఇవ్వండి."

బయటి మనిషి ముందు కాదనలేకపోయాడు. ఇచ్చాడు.

ఎర్రబండి ఇంజను గుర్రుమంది. క్లచ్చు మీద ఎడమ కాలు, గేరు మీద చెయ్యి. మనసు ఇంకా జంకుతుండగానే కాళ్ళూ చేతులూ పని మొదలుపెట్టేశాయి. రోడ్డు చివరిదాకా వెళ్ళి తిరిగి, వేగం పెంచి, సరిగ్గా అతను ఆపినచోటే బ్రేకు నొక్కింది. బండి ఇటు లాగలేదు, అటు లాగలేదు. గీత గీసినట్టు ఆగింది.

మరిది ఈల వేశాడు. మొగుడు టైరు వైపు చూస్తూ నిలబడ్డాడు, తప్పంతా దానిదే అన్నట్టు.

ఆమె దిగి వెండిబండి ఎక్కింది. తాళంచెవి దానికే వేలాడుతోంది. ఈసారి ఎవర్నీ అడగలేదు. రోడ్డు చివర మలుపు కూడా దాటేసింది. షెడ్డు కనపడటం లేదు. పెరటి గుమ్మం కనపడటం లేదు. వెనక ఇంజను రొదలో ఎవరు కేకేసినా వినపడదు. గుండెల నిండా గాలి పీల్చి వదిలింది. ఇక్కడ అంకెలు ఊగినా ఎవరికీ నష్టం లేదు. ఏదో పెద్ద కోపం వస్తుందనుకుంది. రాలేదు. బిగుతు చెప్పులు విప్పి చల్లటి నేల మీద కాలు పెట్టినట్టుంది, అంతే.

బండి పక్కకి ఆపి ఫోను తీసింది.

"మేడమ్, వస్తున్నాను."

"ఇంట్లో అడిగావా?"

"లేదు. చెప్తాను."

తిరిగి వచ్చేసరికి అందరూ రోడ్డు మీదే ఉన్నారు. అత్తగారు కూడా గుమ్మం దాటి వచ్చి నిలబడింది.

"ఎలా ఉన్నాయి రెండూ?" అడిగింది డాక్టరమ్మ.

ఆ షెడ్డులో ఆమెని ఎవరైనా ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. ఆమె తొందరపడలేదు. "ఎర్రది ముందు చెప్పి తిరుగుతుందండీ. కాస్త బద్ధకం, కానీ నమ్మకస్తురాలు. వెండిది మనం అనుకోగానే తిరిగేస్తుంది. మలుపులో భయపడి కాలు తీసేశారంటే మాత్రం తోక ముందుకొస్తుంది. భయపడకపోతే దీన్ని మించింది లేదు."

డాక్టరమ్మ రెండూ నడిపి చూసి వెండిది ఖాయం చేసి వెళ్ళిపోయింది. మరిది కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

"సర్లే," అన్నాడు మొగుడు, ముఖం గంటు పెట్టుకుని. "ఎర్రదానికి మళ్ళీ తూకం చూడాలి. రేపు పొద్దున్నే కూర్చుందువు గాని."

"రేపు పొద్దున నాకు క్లాసుంది."

"ఏం క్లాసు?"

"డ్రైవింగ్ స్కూల్లో. పొద్దున బ్యాచి నాది. వస్తానని చెప్పేశాను."

అతను తమ్ముడి వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. "వెళ్ళొద్దని ఎవరన్నారు? కాకపోతే..."

"ఆ కాకపోతే దగ్గరే కదండీ ఇన్నాళ్ళూ ఆగిపోయాను."

"మరి పొద్దున కాఫీ?" అంది అత్తగారు. ఆవిడ బెంగ ఆవిడది.

"మీ అబ్బాయిలిద్దరూ ఎలాంటి ఇంజన్నైనా అంటిస్తారత్తయ్యా. పొయ్యి అంటించలేరా?"

"నేను పెడతాలే వదినా," అన్నాడు మరిది.

"నువ్వు పెడితే తాగినట్టే," అంది అత్తగారు. కానీ ఇంకేమీ అనలేదు.

"అది సరే, తూకానికి మరి?" అన్నాడు మొగుడు. గొంతు తగ్గింది. నిజంగానే తెలియక అడుగుతున్నాడు.

"ఇసుక బస్తా అటక మీదే ఉంది," అంది ఆమె, తాళంచెవులు అతని చేతిలో పెడుతూ. "ఈసారి మీ బరువుకి నింపుకోండి."

మర్నాడు పొద్దున డ్రైవింగ్ స్కూలు కారులో, తెల్లజుట్టు ముడి వేసుకున్న ఒక పెద్దావిడ స్టీరింగుని రెండు చేతులా పట్టుకుని కొయ్యబారి కూర్చుంది. ఇంజను నడుస్తోంది. ఆవిడ ఊపిరి కూడా తీయడం లేదు.

"మా ఆయన నీవల్ల కాదన్నాడమ్మా," అంది చివరికి. "కదిలిస్తే ఏమవుతుందో అని..."

పక్క సీట్లోంచి ఆమె కాలు చాచి చూసుకుంది. ఉండాల్సినచోటే ఉంది.

"బ్రేకు నా దగ్గరుందండీ," అంది. "కదలండి."