చాచిన చేయి

మగ్గాలకు నూలు కండెలు చుట్టే గదికి కిటికీలు తెరవమని అడిగినందుకు అక్కడ పనిచేసే ఆడవాళ్లందరినీ మా యజమాని గేటు బయటికి నెట్టించాడు. గాలికి దారం చెదిరిపోతుందట. నూలు దుమ్ముతో వీళ్లు ఊపిరాడక చస్తే ఆయనకేం పోయింది? గెంటేసినవాళ్లలో, మగ్గాల షెడ్డులో మేమంతా పెద్దమ్మ అని పిలిచే ఆవిడ కోడలు కూడా ఉంది. దగ్గుతూనే వెళ్లింది.

ఆ వారంలోనే, మిగిలిన కండెలతో మగ్గాలు ఆడుతుండగానే, పెద్దమ్మకు సన్మానమని ప్రకటించారు. మా షెడ్డులో ఆమెకంటే చేయి తిరిగిన నేతమనిషి లేదు. ఆమె నేసిన అంచు కోసం ఎక్కడెక్కడి బేరగాళ్లో వస్తారు. పుండు మీద కారం చల్లి పైన శాలువా కప్పడమంటే ఇదే. వెళ్లొద్దని మేమంతా వాదించాం. కోడలైతే అత్తతో మాటలే మానేసింది. పెద్దమ్మ మాత్రం వెళ్తానంది. నాకు ఒళ్లు మండిపోయింది.

వేదిక మీద మగ్గం బిగించారు. అధికారులు, బేరగాళ్లు ముందు కూర్చున్నారు, మేం వెనక నిలబడ్డాం. గేటు అవతల ఆడవాళ్లు ఊచలు పట్టుకుని చూస్తున్నారు. యజమాని శాలువా కప్పాడు. ఇంత పనితనం ఒంటిచేత్తో సాధించిందని పొగిడి, కాస్త నేసి చూపించమన్నాడు.

పెద్దమ్మ నేసింది. కాసేపటికి, పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెలో కండె దారం అయిపోయింది. నేతపనిలో ఉన్న ఎవరమైనా చేసేదే ఆమె చేసింది. తల తిప్పకుండా చేయి వెనక్కి చాచింది. కండెలు చుట్టే మనిషి ఆ చేతిలో నిండు కండె పెట్టాలి. పెట్టేవాళ్లు లేరు. చేయి అలాగే ఉంది.

ఇక చాల్లేమ్మా అని యజమాని నవ్వుతూ గొణిగాడు.

"ఒంటిచేత్తో అన్నారు కదా బాబూ," అంది పెద్దమ్మ, అందరికీ వినపడేలా. "నా రెండో చేయి గేటు బయటుంది. లోపలికి పిలవండి."

అప్పటికి గాని ఆమె ఎందుకొచ్చిందో నా మట్టిబుర్రకు ఎక్కలేదు. పరుగెత్తి గేటు గొళ్లెం తీశాం. కోడలు వేదిక చేరేలోపే, సభ చెడగొట్టిందని అధికారుల వెంట వచ్చిన పోలీసులు పెద్దమ్మను మగ్గం మీంచి లేపి తీసుకుపోయారు. శాలువా కింద పడింది. ఎవరూ తీయలేదు.

మర్నాడు పొద్దున అందరం వేళకే పనిలోకి వచ్చి మగ్గాల ముందు కూర్చున్నాం. యజమాని వచ్చేసరికి ఒక్క మగ్గమూ ఆడటం లేదు. ప్రతి చేయీ వెనక్కి చాచి ఉంది. అరిచాడు, బెదిరించాడు, చివరికి బతిమాలాడు.

"కండెల్లేవు," అన్నాను నేను, తల తిప్పకుండా. "పెద్దమ్మను విడిపించండి. కిటికీలు తెరిచి చుట్టేవాళ్లను పిలవండి."

భుజాలు లాగేస్తున్నాయి. ఒక్కరం కూడా చేయి దించలేదు.