పడమటికి పెట్టిన ప్రస్థానము

వానకారు వెనుదీసి శరత్తు ఇంకను నిలద్రొక్కుకొనని ఆ సంధికాలమున నీలగండి రాజధానియం దంతటను ఒక విధమైన మాంద్య మలముకొని యుండెను. మేఘములు విఱిగి ఆకాశము తోమిన కంచువలె మెఱయుచుండెను గాని నేలలోని తడి యాఱలేదు. కోటగోడల నంటిన పాచి వాడలేదు. పడమట తేనెకొండ బారులు మంచులో సగము మునిగి యుండగా తూర్పున వరిచేల కావలినుండి సముద్రము తన లవణవాయువులను మెల్లమెల్లగ పంపుచుండెను. ఆ గాలి కోటలోని గవాక్షముల నన్నింటిని తాకి పోవుచుండెను గాని రాణివాసపు కవాటములు మాత్రము చాల దినములనుండి మూసియే యుండెను.

ఆ సంస్థానమున కధీశ్వరుడగు విశ్వంభరదేవునకు లేక లేక కలిగిన కుమారుడు ఊయలలో నవ్వ నేర్చిన నాళ్ళకే గతించెను. శోక మొక్కటియే యైనను అది ఆ దంపతుల నిరువురను ఒక్క తీరున పట్టలేదు. రాజును అది తఱిమెను. ఒక్కచోట కూర్చున్నచో ఊపిరాడని వానివలె ఆయన తెల్లవాఱుచుండగనే గుఱ్ఱమెక్కి పొలిమేరల వెంబడి తిరిగి తిరిగి పొద్దువాలిన పిమ్మట గాని కోట చేరకుండెను. రాణి చూడామణీదేవిని అదియే శోకము కూలద్రోసెను. పరిచారికలు లేపిన లేచును. తినిపించిన నాలుగు మెతుకులు తినును. తల దువ్వుచుండగనే ఆమె కన్నులు మూతలు పడుచుండెను.

ఆస్థానవైద్యుడు మహేశ్వరభట్టు ఒకనాడు రాణి నాడి చూచి వెలుపలికి వచ్చి రాజుతో నిట్లనియె.

"మహాప్రభూ, ఔషధము లింక చాలును. దేవిగారికి స్థలము మార్పవలెను. స్థలము నిర్ణయించునపుడు మనస్సు దేనిని కోరుచున్నదో దేహము దేనిని మోయగలదో రెంటిని విచారింపుడు. ఈ కారున మన్నెపు గాలిలో జ్వర ముండును. బలము గల యొడలు దాని నోర్చును గాని యిది యోర్వదు."

రాజు రాణివాసమునకు పోయి శయ్యాప్రాంతమున కూర్చుండి "దేవీ, ఎచటికి పోవుదము?" అని యడిగెను. ఆమె మెల్లగ చెప్పెను.

"సముద్రపుటొడ్డున మనకు బంగళా యున్నది గదా. అచట కిటికీకడ పడుకొని అలల చప్పుడు వినవలెనని యున్నది. ఏమియు చూడ నక్కఱలేదు. ఎవ్వరితోను మాటలాడ నక్కఱలేదు."

రోగి కోరినదియు పాలే, వైద్యుడు చెప్పినదియు పాలే. ఇక కావలసిన దేమి? కాని ఆ మాట రాజునకు రుచింపలేదు. ఇసుకయు నీరును తప్ప మఱేమియు లేని ఆ దినములను తలచుకొన్న మాత్రమున ఆయనకు వెఱపు పుట్టెను. కదలిక లేని చోట కొడుకు ముఖము కన్నుల యెదుట వచ్చి నిలుచునని ఆయన యెఱుగును. తేనెకొండమీదనో జలపాతములు కలవు, వేట కలదు, మన్నెపు జనుల ఆటపాటలు కలవు. తన ప్రాణ మచటికి లాగుచుండగా ఆమె ప్రాణమును అచటనే తేఱుకొనునని ఆయన నిజముగనే నమ్మెను. ఇందు కపట మేమియు లేదు. కపట మున్నచో ఎవరైన పట్టుకొని వారించి యుందురు.

సిద్ధాంతిని రప్పించి సోమవారమునకు ముహూర్త మడుగగా ఆతడు ఆనాడు తూర్పునకు వారశూల యగుటచే పయనము కూడదనియు పడమరకు దివ్యముగ నున్నదనియు విన్నవించెను. కొలది దినము లాగినచో తూర్పునకును మంచివేళ దొరకునని సిద్ధాంతి యెఱుగును, రాజును ఎఱుగును. ఇరువురును ఆ మాట యెత్తలేదు. ప్రయాణసన్నాహము ముగియకున్నను శుభవేళ దాటిపోరాదని దంపతుల వస్త్రములను పసుపుకొమ్ములతో అక్షతలతో మూటగట్టించి పడమటివీథిలోని యొక గృహస్థు నింట నుంచిరి. దీనినే ప్రస్థానము పెట్టుట యందురు. మూట కదలినచో మనుష్యులు కదలినట్లే. దానిని వెనుకకు దెచ్చుట కీడని పెద్దల మాట.

ఈ వార్త విని రాణి "పడమరకా?" అని మాత్ర మడిగి గోడవైపు తిరిగి పండుకొనెను. వైద్యుడు పరుగున వచ్చి మూటను మరల దెప్పింపుడనియు దోషమున్న శాంతి చేయింపవచ్చు ననియు బ్రతిమాలెను. రాజు తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్న చందమున "పెట్టిన ప్రస్థానమును తీయుట మా వంశమున లేదు" అని లేచిపోయెను. ఆ వంశమున అంతకుముందు లేనివి ఎన్నియో ఆయన చేసి యున్నాడు గాని ఆనాడవి జ్ఞప్తికి రాలేదు.

కొండమీది విడిది చేరినది మొదలు రాజు కొత్త మనిషి యాయెను. జలపాతమున స్నానమాడెను. అడవిపందిని వేటాడెను. మన్నెపు దొరలు తెచ్చిన తేనెను రుచిచూచి వారి మాటలకు పకపక నవ్వెను. కొడుకు పోయిన పిమ్మట ఆయన నవ్వుట అదే మొదలు. విడిదిలోపల కంబళ్ళ నడుమ పండుకొనియున్న చూడామణీదేవి ఆ నవ్వు విని కన్నులు తెఱచెను. అప్పటికే ఆమె యొడలు కాలుచుండెను. ఈ సంగతి ప్రభువునకు చెప్పవలదని దాదిచేత ఒట్టు వేయించుకొనెను. సాయంకాలమున వచ్చిన రాజు జ్వరతాపమున ఎఱుపెక్కిన ఆమె చెక్కిళ్ళను చూచి "చూచితివా, కొండగాలి నీకు రంగు దెచ్చినది" అని మురిసిపోయెను. ఆమె చిఱునవ్వు నవ్వెను. పాపమాయన దానిని గూడ ఆరోగ్యమే యనుకొనెను.

మఱికొన్నాళ్ళకు ఒక యుదయమున ఆయన అడవిపూలగుత్తి చేతబట్టుకొని లోపలికి రాగా రాణి రెండు చెవులను అఱచేతులతో మూసికొని యుండెను.

"ఆ జలపాతము నొక్క గడియ ఆపింపగలరా?"

రాజు పరిహాస మనుకొని నవ్వబోయి ఆమె చేయి పట్టుకొని అదరిపడెను. ఆ చేయి నిప్పువలె నుండెను.

"ఎన్నాళ్ళనుండి?"

"వచ్చిన మఱునాటినుండి."

"నాతో చెప్పకపోతివేల?"

"మీరు నవ్వుచుంటిరి. నేను చెప్పినచో ఆ నవ్వు ఆగిపోవునని భయపడితిని."

విశ్వంభరదేవుని చేతినుండి పూలగుత్తి జాఱిపడెను. ఆమెకొఱకు కొండ యెక్కితినని యన్నాళ్ళును తన్ను తాను నమ్మించుకొన్నవాడు ఆమెను మోయించుకొని తనకొఱకే యెక్కితినని అప్పు డెఱిగెను. ముహూర్త మడుగలేదు, దిక్కు చూడలేదు. క్షణములో పల్లకి సిద్ధముచేయించి గుఱ్ఱమును విడిచి తాను బోయీలతోపాటు కాలినడకన దిగసాగెను. బోయీలు అలవాటుచొప్పున పదము నెత్తుకొనగా చప్పుడు చేయవలదని వారించెను. తెరయొద్దకు వంగి "క్రింద అడుగుపెట్టగనే తూర్పునకు పోవుదము. ఎవ్వరును మాటలాడరు. నేనును మాటలాడను" అనెను. లోపలినుండి "అట్లే" యని వినవచ్చెను. ఆ యొక్క మాటను పట్టుకొని ఆయన రాళ్ళనక ముళ్ళనక నడచెను.

సగము కొండ దిగిన పిమ్మట ముందు కొమ్ము మోయుచున్న పోలయ్య నిలిచెను.

"బాబూ, అమ్మగోరి సెయ్యి బయటికి జారిపోనాది. పిలిసినా లోపలెట్టుకోడం నేదు. ఓపాలి సూడండి."

రాజు త్వరత్వరగ వచ్చి తెరవెలుపల వ్రేలాడుచున్న ఆ చేతిని రెండు చేతులతో పట్టుకొనెను. ఉదయమున నిప్పువలె నున్న చేయి చల్లగ నుండెను. ఆయన ముఖము విప్పారెను.

"జ్వరము దిగినది. నిద్రపోవుచున్నది. ఇంక మెల్లగ నడువుడు."

బోయీలు ఒకరి మొగ మొకరు చూచుకొనిరి. తలలు వంచుకొని వారు మెల్లగనే నడచిరి.