మాస్టారి కుడిచెయ్యి

వ్యాయామశాల నడిపే ఆయన్ని అందరూ మాస్టారనే పిలిచేవారు. ఏళ్ళ తరబడి ఆయన చెప్పే పాఠం ఒకటే.

"కండ అలిగిన చుట్టం లాంటిది. బతిమాలితే వస్తుంది గానీ మెడపట్టి లాక్కొస్తే రాదు. బరువెత్తడం సగం, తిండి పావు, నిద్ర పావు. మిగతాదంతా ఓపిక."

మిగిలిందేముంది మాస్టారూ అని ఎవరైనా అడిగితే, "లెక్కలు చూసేవాడికి కండ పట్టదు" అనేవారు.

బావమరిది ఇల్లు మారుతున్న రోజున బట్టలుతికే మిషను మేడ మీదికి చేర్చాల్సి వచ్చింది. నేనుండగా ఇంకొకరెందుకని మాస్టారే పైనుంచి పట్టుకున్నారు. మెట్ల మలుపులో కిందనున్న బావమరిదికి పట్టు తప్పింది. బరువంతా మాస్టారి కుడిచేతి మీద పడింది. మోచేతి దగ్గర తడిగుడ్డ చిరిగినట్టు చప్పుడైంది. అయినా ఆయన మిషను వదల్లేదు. మెట్టు మీద దించి, ఆ తర్వాతే కూలబడ్డారు.

కండని ఎముకకి కట్టి ఉంచే తాడు లాంటిది తెగిందని చెప్పి, డాక్టరు ఆపరేషన్ చేసి దాన్ని అతికించాడు. చాలాకాలం మంచినీళ్ళ గ్లాసు కన్నా బరువైనదేదీ ఎత్తొద్దన్నాడు.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. మాస్టారు కూర్చున్నారే గానీ సరిగా తినను కూడా లేదు. కట్టు విప్పేసరికి, ఎవరిదో చెయ్యి తెచ్చి తగిలించినట్టుంది. ఇంట్లోనే బట్టలు కుట్టే భార్య ఆయన చొక్కాకి కొలతలు తీసుకోబోతే టేపు పక్కకి నెట్టేశారు. ఆమె టేపు మడిచి పెట్టేసింది. కంచం వైపు చూసింది.

"గుడ్లు అలాగే ఉన్నాయేం?"

"పని చెయ్యని చేతికి మేతెందుకు?"

"తినేది నోరు, చెయ్యి కాదు. పస్తులుంటే ఉన్న కండ కూడా పోతుందని ఊరందరికీ చెప్పింది మీరేగా. ఆ పప్పు కూడా తినండి."

చేదు మందు మింగినట్టు తిన్నారు.

తేలికపాటి బరువులు ఎత్తొచ్చని డాక్టరు చెప్పాక, మాస్టారు తెల్లవారుతూనే వ్యాయామశాలకి వెళ్ళి, షట్టరు లోపలినుంచి దించేసుకుని, అన్నిటికన్నా చిన్న డంబెల్ పట్టుకునేవారు. మోకాళ్ళ నొప్పులతో వచ్చే పెద్దవాళ్ళ కోసం కొన్నదది. కొన్నాళ్ళకి విసుగు పుట్టింది. ఒకరోజు దాన్ని పక్కన పెట్టి, పాత రోజుల్లో ఎడంచేత్తో ఆడుకున్నంత తేలిగ్గా ఎత్తిన బరువొకటి అందుకున్నారు. పైకి వచ్చింది. దించేటప్పుడు మోచేతిలో సూది దిగినట్టైంది. డంబెల్ నేల మీద పడి దొర్లుకుంటూ గోడకి తగిలింది.

"తెగలేదు. మీ అదృష్టం," అన్నాడు డాక్టరు. "నొప్పి తగ్గాక మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టండి."

ఇంటికొచ్చి భార్యకి జరిగింది జరిగినట్టు చెప్పారు. ఆమె కుట్టు మిషను తొక్కడం ఆపి విన్నది. "మీ దగ్గరికొచ్చేవాళ్ళెవరైనా ఈ పని చేస్తే ఏమనేవారు?" అనడిగింది.

నొప్పి తగ్గాక మళ్ళీ చిన్న డంబెల్ దగ్గరికొచ్చారు. నడుము నొప్పికి కసరత్తు నేర్చుకుంటున్న బస్సు కండక్టరమ్మ ఒకరోజు డ్యూటీ ముందుకు మారిందని పెందలాడే వచ్చి, షట్టరు కొట్టింది. తీయక తప్పలేదు. బస్సంతా కిక్కిరిసినా టిక్కెట్టు తీయనివాణ్ణి పట్టుకునే కళ్ళవి. ఆయన చేతిలోదీ చూసింది, చెయ్యీ చూసింది.

"కానివ్వండి మాస్టారూ, నా కోసం ఆపకండి."

ఆయన గోడ వైపు తిరిగి మొదలుపెట్టారు.

"దించేటప్పుడు తొందరపడుతున్నారు," అంది వెనకనుంచి.

"నాకే చెప్తున్నావా అమ్మా?"

"ఇంకెవరున్నారిక్కడ?"

మాస్టారికి చిర్రెత్తుకొచ్చింది. మాట మాత్రం నిజమే. నెమ్మదిగా దించారు. ఆమె తన కసరత్తు తను చేసుకుంది.

మర్నాటినుంచి షట్టరు దించడం మానేశారు. సాయంత్రాలు జనం నిండుగా ఉన్నప్పుడు కూడా అందరి మధ్యా చేశారు. మొదట్లో కొందరు చూపు తిప్పుకున్నారు, ఒకరిద్దరు రావడం మానేశారు. పోనుపోను ఎవరికీ అది వింతగా అనిపించలేదు. గుడ్లూ పప్పూ చేపా భార్య గుర్తు చెయ్యకుండానే తింటున్నారు. ఏడాది తిరిగేసరికి చేతికి కాస్త రూపం వచ్చింది. ఎడమదానికి సాటి రాలేదు, రాదని డాక్టరు ముందే చెప్పాడు.

ఒక సాయంత్రం పుల్లలాంటి కుర్రాడొకడు వచ్చి, కండలు ఎన్నాళ్ళకి వస్తాయని అడిగాడు. మాస్టారు అలవాటు కొద్దీ పాఠం చెప్పబోయి ఆగారు.

"తెలీదు బాబూ. వస్తాయి. ఎప్పుడన్నది మాత్రం చెప్పలేను."

కుర్రాడు ఎదురు వీధిలో కొత్తగా పెట్టిన వ్యాయామశాలలో కనుక్కొస్తానని వెళ్ళిపోయాడు.

"వచ్చినవాణ్ణి చేజేతులా పోగొట్టుకున్నారు," అంది పక్కనే కసరత్తు చేస్తున్న కండక్టరమ్మ.

"వెళ్ళనీ," అని మాస్టారు డంబెల్ పట్టుకున్న చెయ్యి నెమ్మదిగా కిందికి దించారు.