ఇంటికోసం చేసిన కొంకి

కొంకి దేనికో తగులుకుంది. సుందర్ రాజు చెంప నేలకి ఆనేంత వంగి, వైరుని రెండు వేళ్ళతో మెల్లగా తిప్పాడు. ప్రేమ్ బజార్‌లో చదువుకునే కుర్రాళ్ళకి అద్దెకిచ్చే మేడ అది. బాత్రూము తూములోంచి వెంట్రుకలు, సబ్బు ముక్కలు, ఎవడో పారబోసిన నూడుల్సు అన్నీ కలిసి నల్లటి జడలా బయటికొచ్చాయి. వెనకాలే నీళ్ళు గరగరమంటూ దిగిపోయాయి. గుమ్మంలో ముక్కు మూసుకుని నిలబడ్డ కుర్రాడు ఫోన్లోంచి తలెత్తకుండానే థాంక్యూ కాకూ అన్నాడు, బెంగాలీలో బాబాయ్ అన్నట్టు. ఇన్నేళ్ళుగా వస్తున్నా ఆ మేడలో అతని పేరు అడిగినవాడు లేడు.

ఆ కొంకి కొన్నది కాదు. పాత సైకిలు బ్రేకు వైరు. ఒక చివర పురి విప్పి, ఒక్కో పోగునీ పటకారుతో గాలంలా వంచాడు. రెండో చివర విరిగిన గొడుగు పిడి. తూములోకి గాలి కొట్టడానికి ఒక కూల్‌డ్రింకు సీసా, అడుగు కోసి కర్రకి బిగించినది. అతని తండ్రి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన పోయాక ఉద్యోగం అన్నగారికి వెళ్ళింది, క్వార్టరూ అన్నగారికే వెళ్ళింది. సుందర్ రాజుకి ఆయన పటకారు మిగిలింది.

పొద్దుట్నుంచీ భుజం లాగుతోంది. వైరు లాగే చెయ్యి కుడిది, నొప్పి ఎడమది. ఆ సంగతి అతను పట్టించుకోలేదు. టీకొట్టులో అల్లం ఎక్కువ వేయించుకుని తాగాడు. ఒక్క త్రేనుపు వస్తే సర్దుకుంటుందనుకున్నాడు. రాలేదు.

ఆ సాయంత్రం అతని ఇంట్లో గృహ ప్రార్థన. తాల్‌బగీచాలోని తెలుగు చర్చి సంఘంవాళ్ళు వంతులవారీగా ఇళ్ళల్లో పెట్టుకుంటారు. వచ్చినవాళ్ళు కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని చాప మీద కూర్చోవడం పెద్దలనాటి పద్ధతి. కిందటిసారి వీళ్ళింట్లో ఆ నీళ్ళు పోలేదు. గచ్చు మీద నిలిచి కంపు కొట్టాయి. పాట మధ్యలో సంఘంలోని సూసన్నమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఆదివారం చర్చి మెట్ల మీద సంఘపెద్ద రిచర్డ్ అందరికీ వినబడేలా అన్నాడు: "సుందర్రాజింటికి ప్రార్థనకెళ్ళాలంటే గమ్‌బూట్లు కొనుక్కోవాలర్రా."

అందరూ నవ్వారు. సుందర్ రాజూ నవ్వాడు. అతని భార్య దేవమణి నవ్వలేదు. మళ్ళీ చర్చి మెట్లు ఎక్కనూ లేదు.

ఊరందరి తూములూ తీసేవాడి ఇంట్లో తూము పూడుకుపోవడానికి ఒక రకంగా కారణం ఆవిడే. పెళ్ళైన కొత్తలోనే కట్టడి చేసింది: ఊరి మురికిలో తిరిగిన కొంకి గేటు దాటి లోపలికి రాకూడదు. అది గేటు బయట మేకుకే వేలాడాలి. ఇంటికి వేరే కొంకి చెయ్యాలి. చేస్తాను చేస్తానంటూ అతను ఏళ్ళు జరిపేశాడు. రోజంతా తూముల్లో తల పెట్టిన మనిషికి ఇంటికొచ్చాక ఇంకో తూము చూడబుద్ధి కాదు. అది ఎవరికి చెప్పుకుంటాడు?

మధ్యాహ్నం గంజి తాగుతుండగా దేవమణి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏటి, ఈయాలైనా సేత్తావా? మళ్ళీ నీళ్ళు నిలబడితే ఆళ్ళ మొకం నాను సూడలేను."

"సేత్తన్నాను గదే. కొత్త వైరు తెచ్చినాను. దీనికి ఇంకెవరింటి మురికీ అంటనీను. ఇది నీదే."

"నాకెందుకు? బంగారపు గొలుసా ఏటి?" అంది. అన్నాక మాత్రం పెదవి చివర కొంచెం వంగింది. అతనికి అది చాలు.

మెట్టు మీద కూర్చుని పురి విప్పాడు. తండ్రి పటకారుతో ఒక్కో పోగునీ వంచాడు. విరిగిన అప్పడాల కర్ర ముక్కని నున్నగా గీకి పిడి కట్టాడు. చెమట కళ్ళల్లోకి దిగుతోంది, చలికాలమే అయినా. కొసల్ని బొటనవేలితో తడిమి చూసుకుని, ఇంటి లోపలి గోడకి, తన చొక్కా పక్కన తగిలించాడు. రవంత నడుం వాల్చి లేచి తూము తీసేస్తానన్నాడు. అలిసిపోయాడు పాపం అని దేవమణి లేపలేదు. ఎండ గోడెక్కాక పిలిచింది. మళ్ళీ పిలిచింది. చెయ్యి పట్టుకుని చూసి, అక్కడే కూలబడిపోయింది.

ప్రార్థనకి రావలసినవాళ్ళు ప్రార్థన వేళకే వచ్చారు. డాక్టరు చూసి తల అడ్డంగా ఊపి వెళ్ళాక, మగవాళ్ళు అతన్ని గచ్చు మీద బల్లపై పడుకోబెట్టి స్నానం చేయించారు. నీళ్ళు పోలేదు. సబ్బు నురగతో బల్ల కాళ్ళ చుట్టూ నిలిచాయి. రిచర్డ్ తడిసిన తన పాదాల వంక చూసుకున్నాడు.

దేవమణి లేచి గేటు బయటికి వెళ్ళింది. మేకు నుంచి పాత కొంకి తీసుకుని లోపలికి వచ్చింది. రిచర్డ్ చెయ్యి చాచి, నేను చేస్తాను, లోపల కొత్తది ఉంది కదమ్మా అన్నాడు.

"అది నాది. దాన్ని మురికి సెయ్యనీను."

సుందర్ రాజు కూర్చునేట్టే తూము ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఎంత వైరు పట్టాలో తెలియక వేళ్ళు గీరుకుపోయాయి. చివరికి కొంకికి తగులుకుని వచ్చింది పెద్ద వెంట్రుకల ఉండ. పైన నెరిసినవి, అడుగున పొడుగాటి నల్లవి. అన్నీ తనవే. నీళ్ళు ఒక్కసారి సుడి తిరిగి, అతని ఒంటి మీది సబ్బుతో సహా సర్రున దిగిపోయాయి.

లోపల గోడకి, అతని చొక్కా పక్కన, అప్పడాల కర్ర పిడితో కొత్త కొంకి వేలాడుతోంది. దాని కొసలకి ఒక్క వెంట్రుకైనా చిక్కుకుని లేదు.